విశాఖ వేగ రైలుమార్గం – రైతు తెలుసుకోవలసిన సంగతులు



ఈ పూట విత్తనం గురించి కాదు, ఎరువు గురించి కాదు, రైలు గురించి చెప్పుకుందాం. రైలుకీ మన సేద్యానికీ సంబంధమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. విశాఖపట్నం నుంచి విజయవాడ మీదుగా హైదరాబాదు వైపు కొత్తగా ఒక వేగ రైలుమార్గం వేయాలని ఆలోచన సాగుతోంది. ఆ మార్గం ఆకాశంలో పోదు గదా! అనకాపల్లి చెరకు తోటలు, తుని వైపు జీడిమామిడి తోపులు, గోదావరి వరి మళ్లు, ఏలూరు పల్లపు భూములు – వీటి మధ్యనుంచే పోవాలి. అందుచేత అలాంటి దారిని ఎలా నిర్ణయిస్తారు, వేగానికీ మలుపుకీ ఏమి లంకె, వాననీరు ఎటు పోతుంది, భూమి పోతే ఏమి వస్తుంది, ఎప్పుడు నోరు విప్పాలి అనే సంగతులు పట్టాదారుకీ తెలియాలి, కౌలుదారుకీ తెలియాలి. పటం మీద గీత గట్టిపడిన తరువాత తెలుసుకుంటే ఫలితం తక్కువ.

ముందు పాత దారి సంగతి చూద్దాం. 1876–78లో వచ్చిన ధాత కరువును మన పెద్దలు తరతరాలుగా చెప్పుకున్నారు. ఒక చోట ధాన్యం వుండి, మరొక చోట జనం ఆకలితో చనిపోయిన రోజులవి. 1880లో కరువు కమిషను, దేశంలో రైలుమార్గాలు బాగా పెంచాలని సిఫారసు చేసింది. ఆ తరువాత 1893–96 సంవత్సరాల మధ్య బెజవాడ నుంచి కటకం దాకా తూర్పు కోస్తా రైలుమార్గం వేశారు. రాజమహేంద్రవరం దగ్గర గోదావరి మీద వంతెన కూడా వాడుకలోకి వచ్చింది. ఆ వంతెన దాదాపు నూరేళ్లు బళ్లను మోసి, 1997లో విశ్రాంతి తీసుకుంది. 1933లో విశాఖ రేవు తెరిచారు. 1960ల్లో బైలదిల్లా కొండల ఇనుపరాయిని రేవుకు చేర్చడానికి కొత్తవలస నుంచి కిరండూలు దాకా కొండల్ని తొలిచి దారి వేశారు. విశాఖ ఉక్కు కర్మాగారానికి 1971లో పునాదిరాయి పడింది. 1992లో దాన్ని జాతికి అంకితం చేశారు.

దీనివల్ల ఏం జరిగిందంటే, కరువు నాళ్లలో ధాన్యం చేరవేయడానికి అనుకున్న దారి మీద ఈనాడు బొగ్గు, ఇనుపరాయి, ఉక్కు, సిమెంటు, ఎరువులు, ఎక్స్‌ప్రెస్ బళ్లు, పాసింజరు బళ్లు అన్నీ నడుస్తున్నాయి. మీరు మడిలో చల్లే ఎరువు బస్తాల్లో కొన్ని విశాఖ రేవులో దిగి, ఈ పట్టాల మీదుగానే మీ స్టేషనుకు చేరాయి.

ఇక్కడ ఒక చిక్కు వుంది. ఊరి గట్టు మీద ఎడ్లబండి ముందు పోతూ వుందనుకోండి. వెనక మోటారు సైకిలు వచ్చింది. ఎంత మంచి మోటారు సైకిలైనా, గట్టు దిగి తప్పుకునే చోటు వచ్చేదాకా బండి వెనకాలే నడవాలి. రైలుదారి మీద కూడా అంతే. బొగ్గు బండి నెమ్మదిగా పోతుంది. వెనక వచ్చే వేగబండికి దారి ఇవ్వాలంటే, బొగ్గు బండిని ముందు స్టేషనులో పక్క లైను మీద నిలబెట్టాలి. మీ పాసింజరు బండి చిన్న స్టేషనులో అరగంటసేపు ఊరికే ఆగిపోయి, ఇంతలో ఒక ఎక్స్‌ప్రెస్ దుమ్ము లేపుకుంటూ పోవడం మీరంతా చూసిన సంగతే. ఒకే దారి మీద వేగంలో ఎంత తేడా వుంటే, ఆ దారి మీద పట్టే బళ్ల సంఖ్య అంత తగ్గుతుంది.

లెక్క చూడండి. 2023 సంక్రాంతి రోజున సికింద్రాబాదుకూ విశాఖకూ మధ్య వందే భారత్ బండి మొదలైంది. దూరం సుమారు 700 కిలోమీటర్లు, ప్రయాణం ఎనిమిదిన్నర గంటలు. అంటే సరాసరి గంటకు 82 కిలోమీటర్లు. బండికి ఇంకా వేగంగా పోగల శక్తి వుంది, దారికే లేదు. విశాఖ నుంచి విజయవాడ 350 కిలోమీటర్లు. అందుకే నాలుగు గంటల పైచిలుకు పడుతోంది.

మరి దీనికి విరుగుడు ఏమిటి? వేగబళ్లనూ సరుకు బళ్లనూ విడదీయడమే. ఇది రెండు రకాలుగా చేయవచ్చు. ఒకటి, సరుకు బళ్లకు వేరే దారి వేయడం. 2021 కేంద్ర బడ్జెట్టులో ఖరగ్‌పూర్ నుంచి విజయవాడ దాకా సరుకు రవాణాకు ప్రత్యేక మార్గం వేస్తామని చెప్పారు. రెండవది, ప్రయాణికుల వేగబళ్లకు వేరే దారి వేయడం. 2023లో రైల్వే బోర్డు విశాఖపట్నం–విజయవాడ–శంషాబాదు మధ్య అలాంటి మార్గానికి ప్రాథమిక సర్వే చేయించాలని నిర్ణయించింది. గంటకు 220 కిలోమీటర్ల వేగం దాకా ఆలోచన పోయింది. 2026 ఫిబ్రవరి బడ్జెట్టులో దేశం మొత్తం మీద ఏడు అతివేగ మార్గాల పేర్లు చదివారు. హైదరాబాదు పేరు అందులో మూడింట్లో వుంది. విశాఖపట్నం పేరు లేదు. అందుచేత ఇది నేడో రేపో పట్టాలు పడే పని అనుకోకండి. ఇంకా మాట చెల్లే దశలో వున్న పని. మనం ఇప్పుడు మాట్లాడుకోవడానికి కారణం కూడా అదే.

ఇలాంటి దారి ప్రపంచానికి కొత్త కాదు. 1964 అక్టోబరు 1న జపానులో టోకియోకూ ఒసాకాకూ మధ్య ఇలాంటి మొదటి దారి తెరిచారు. 515 కిలోమీటర్ల దూరం మొదట నాలుగు గంటల్లో పోయేవారు. గంటకు 210 కిలోమీటర్లు అప్పటి గరిష్ఠ వేగం. మన దేశంలో ముంబయి–అహ్మదాబాదు మార్గానికి 2017 సెప్టెంబరు 14న శంకుస్థాపన జరిగింది. అది 508 కిలోమీటర్లు. గంటకు 320 కిలోమీటర్ల వేగానికి కడుతున్నారు. మొదటి అంచనా లక్షా ఎనిమిది వేల కోట్ల రూపాయలు. అంటే కిలోమీటరుకు రెండువందల కోట్లకు పైమాటే. ఢిల్లీ–మీరట్ మధ్య 82 కిలోమీటర్ల ప్రాంతీయ వేగ రైలు వేరే తరహా. దాని మొదటి భాగం 2023 అక్టోబరు 20న మొదలైంది. గంటకు 160 కిలోమీటర్ల దాకా నడుస్తుంది. అది దగ్గరి ఊళ్ల నుంచి రోజూ పనికి పోయివచ్చే వారికోసం వేసినది. వేగం పెరిగిన కొద్దీ ఖర్చు పెరుగుతుంది, కరెంటు పెరుగుతుంది, టిక్కెట్టు పెరుగుతుంది. కాబట్టి ఎంత వేగం కావాలన్నది గొప్ప కోసం తేల్చవలసిన విషయం కాదు. ఎవరు ఎక్కుతారు, ఎంత ఇవ్వగలరు అన్న లెక్క మీద తేల్చవలసిన విషయం.

ఇప్పుడు సర్వే సంగతి. సర్వేలో మెట్లు వుంటాయి. మొదట పటాలు ముందు పెట్టుకుని, రెండు మూడు దారులు గీసి చూస్తారు. తరువాత ప్రాథమిక ఇంజనీరింగు, రాకపోకల సర్వే జరుగుతుంది. నేల ఎలా వుంది, ఏర్లు ఎన్ని, కొండలెక్కడ అన్నది ఒక భాగం. బస్సు స్టాండుల్లో, స్టేషన్లలో జనాన్ని ఆపి ఎక్కడినుంచి ఎక్కడికి పోతున్నారు, ఎంత ఖర్చు పెడుతున్నారు అని అడగడం రెండో భాగం. ఆ పైన తుది మార్గాన్ని నిర్ణయించే సర్వే, సవివర నివేదిక వస్తాయి. దాని మీద ప్రభుత్వం మంజూరు ఇచ్చాక భూమి తీసుకునే ప్రకటన వస్తుంది. మొదటి మెట్టు మీద గీతను మైళ్ల దూరం జరపవచ్చు. ఆఖరి మెట్టు మీద గజాల దూరం జరపడం కూడా కష్టం.

“ఏటి బాబూ, మా మడి కాడికొచ్చేసరికి కాసింత పక్కకి తిప్పితే ఏటౌద్ది?” అని అడుగుతారు మనవాళ్లు. న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు మలుపులో వుంది. ఎడ్లబండి మూల మలుపు తిరుగుతుంది. లారీకి అంతకన్నా వెడల్పు మలుపు కావాలి. వేగం రెట్టింపయితే మలుపు వ్యాసార్ధం నాలుగు రెట్లు కావాలి. లేకపోతే బండి బయటికి తోసుకుపోతుంది. మన మామూలు పెద్ద లైను మీద 175 మీటర్ల వ్యాసార్ధం గల మలుపు దాకా అనుమతి వుంది, అక్కడ బండి నెమ్మదిగా పోతుంది కనుక. జపాను మొదటి వేగమార్గం మీద కనీసం 2,500 మీటర్లు పెట్టారు. ముంబయి–అహ్మదాబాదు మార్గానికి 6,000 మీటర్లు. ఆరు కిలోమీటర్ల తాడు కట్టి గీసిన వృత్తంలో ఒక ముక్క అనుకోండి! అంత పెద్ద వంపు గల దారిని మీ ఊరి దగ్గర ఒక ఫర్లాంగు జరపాలంటే, అటు నాలుగు ఊళ్లకూ ఇటు నాలుగు ఊళ్లకూ ముందే జరపడం మొదలుపెట్టాలి. కాబట్టి ఒక్క రైతు ఒక్క మడి కోసం అడిగితే పని జరగదు. పది ఊళ్లు కలిసి, సర్వే మొదట్లోనే, “ఈ పల్లం వదిలి ఆ గరువు మీదుగా పోనివ్వండి” అని పటం చూపించి అడిగితే వినే వీలుంటుంది.

విశాఖ దగ్గర ఈ చిక్కు మరీ ఎక్కువ. ఒక పక్క సముద్రం. మధ్యలో సింహాచలం కొండలు, యారాడ కొండ. వీటి సందుల్లో రేవు, నౌకాదళం, ఉక్కు కర్మాగారం, పెరిగిపోయిన నగరం. ఇప్పటి విశాఖ స్టేషను, అదే పూర్వపు వాల్తేరు, దారికి చివర వున్నట్టు వుంటుంది. హౌరా నుంచి మద్రాసు వైపు పోయే బండి లోపలికి వచ్చి, ఇంజను మార్చుకుని వెనక్కి తిరగాలి. అందుకే కొన్ని బళ్లు నగరంలోకి రాకుండా దువ్వాడ మీదుగానే పోతాయి. వేగ రైలు స్టేషను ఎక్కడ పెట్టాలన్నది పెద్ద ప్రశ్న. నగరం నడుమ పెడితే ఇళ్లు పోతాయి, ఖర్చు ఆకాశానికి పోతుంది. దువ్వాడ వైపు పెడితే సులువు, కాని నగరం ఉత్తరాన వున్నవారికి దూరం. భోగాపురం కొత్త విమానాశ్రయం వైపు పెడితే విజయనగరం, శ్రీకాకుళం జనానికి దగ్గర. రైలులో రెండు గంటలు కలిసివచ్చి, స్టేషను చేరడానికి ఆటోలో గంటన్నర పోతే లాభమేముంది? గుమ్మం నుంచి గుమ్మం దాకా లెక్క వేయాలి.

అలాగే మధ్య స్టేషన్లు. అనకాపల్లి అడుగుతుంది, తుని అడుగుతుంది, అన్నవరం, సామర్లకోట, రాజమహేంద్రవరం, ఏలూరు – అందరూ అడుగుతారు. అడగడం తప్పు కాదు. కాని బండి వేగం తగ్గి, నిలిచి, మళ్లీ వేగం అందుకోవడానికి ఒక్కో చోట సుమారు ఐదు నిమిషాలు పోతుంది. ఎనిమిది చోట్ల ఆగితే నలభై నిమిషాలు. జపానువారు మొదటినుంచీ రెండు రకాల బళ్లు నడిపారు – కొద్దిచోట్ల ఆగేది ఒకటి, అన్నిచోట్లా ఆగేది ఒకటి. మనకూ అలాంటి ఏర్పాటు వుంటేనే పల్లెవారికి దారి పక్కన వుండి చూడడం కాక, ఎక్కే యోగం పడుతుంది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. నీరు.

మన తీరంలో నీరు పడమటి కొండల నుంచి తూర్పు సముద్రానికి పోతుంది. శారద, వరాహ, తాండవ, పంపా, ఏలేరు, గోదావరి, తమ్మిలేరు, బుడమేరు – ఇవి పెద్దవి. పేరులేని గెడ్డలు, కాలవలు, మురుగు డ్రెయిన్లు లెక్కకు అందవు. రైలుదారి మాత్రం ఈశాన్యం నుంచి నైరుతికి, వీటన్నిటికీ అడ్డంగా పోతుంది. మట్టికట్ట పోసి దారి వేస్తే, 350 కిలోమీటర్ల పొడుగునా ఒక గట్టు వేసినట్టే. గట్టు కింద తూములు చాలకపోతే పడమటి మళ్లు మునుగుతాయి. నీరు ఎక్కువైతే కట్టే తెగుతుంది.

ఇది ఊహ కాదు. 2005 అక్టోబరు 29న నల్లగొండ జిల్లా వలిగొండ దగ్గర, ఎగువ చెరువు గండిపడి నీరు రైలుకట్టను కోసేసింది. తెల్లవారు జామున వచ్చిన డెల్టా పాసింజరు అందులో పడి వందమందికి పైగా ప్రాణాలు పోయాయి. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాదు జిల్లాలో కేసముద్రం, ఇంటికన్నె స్టేషన్ల మధ్య వరదకు కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. అదే వానల్లో బుడమేరు విజయవాడను ముంచింది. గంటకు 220 కిలోమీటర్ల బండిని నడిపేవాడు పట్టా ముందు తెగిందని కంటితో చూసి ఆపలేడు. అంత వేగంలో ఆగడానికి కిలోమీటర్ల దూరం కావాలి.

అందుచేత మట్టికట్టా, స్తంభాల వంతెనా అన్నది రైతుకు ముఖ్యమైన ప్రశ్న. కొలత చూడండి. ఆరు మీటర్ల ఎత్తు కట్టకు పైన 13 మీటర్లు వెడల్పు వుంటే, రెండు పక్కలా వాలు కలిపి అడుగున 37 మీటర్లు అవుతుంది. పక్క కాలవలూ బాటా కలిపితే 45 మీటర్లనుకోండి. ముంబయి–అహ్మదాబాదు మార్గం చాలాభాగం స్తంభాల మీద పోతుంది. దానికి సుమారు 17.5 మీటర్ల వెడల్పు చాలింది. మీ పొలంలోంచి నూరు మీటర్ల పొడుగున దారి పోతే, కట్ట అయితే ఎకరా పదకొండు సెంట్లు పోతుంది. స్తంభాలయితే 43 సెంట్లు పోతుంది. పైగా స్తంభాల కింద నీరు పోతుంది, పశువు పోతుంది, నాగలి ఇవతలి నుంచి అవతలికి పోతుంది. ఖర్చు మాత్రం ఎక్కువ. అందుకని ప్రతిచోటా స్తంభాలు కావాలనడం కన్నా, పల్లాల్లో, గెడ్డల దగ్గర, డెల్టాలో స్తంభాలు తప్పనిసరి అనీ, మెట్ట మీద కట్ట వేసుకోవచ్చుననీ అడగడం సబబు.

కట్ట వున్న చోట ఇంకొక సంగతి. వేగ రైలుదారికి గేట్లు వుండవు. రెండు పక్కలా కంచె వేస్తారు. దాటాలంటే కింద దారి వుండాలి. మనకు కింద దార్ల అనుభవం వుంది గదా! వాన పడితే మోకాళ్ల లోతు నీళ్లు. గడ్డి మోపులు కట్టిన ట్రాక్టరు దూరదు, వరికోత యంత్రం అసలే దూరదు. కాబట్టి అండర్ బ్రిడ్జి ఇస్తామన్నప్పుడు మూడు ప్రశ్నలు అడగండి – ఎత్తెంత, నీరు ఎటు తోడుతారు, మా కళ్లానికి ఎంత చుట్టు తిరగాలి? ఈ మూడూ కాగితం మీద వ్రాయించుకోండి.

ఇక భూమి, చట్టం. జాగ్రత్తగా వినండి.

రైల్వేల చట్టం 1989 నాటిది. అందులో 2008లో ఒక అధ్యాయం చేర్చారు. ఒక మార్గాన్ని ప్రత్యేక రైల్వే ప్రాజెక్టుగా ప్రకటిస్తే, 20–ఎ అనే సెక్షను కింద భూమి తీసుకునే ఉద్దేశాన్ని గెజెట్టులో ప్రకటిస్తారు. దాని సారాంశాన్ని రెండు స్థానిక పత్రికల్లో వేస్తారు; ఒకటి స్థానిక భాషలో వుండాలి. ఆ గెజెట్టు ప్రకటన తేదీ నుంచి ముప్పై రోజుల లోపల, భూమిలో హక్కు వున్నవారు ఎవరైనా వ్రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పుకోవచ్చు. సమర్థ అధికారి మీ మాట వినాలి. మీరే పోవచ్చు, వకీలును పెట్టుకోవచ్చు. ముప్పై రోజులంటే ఒక అమావాస్య నుంచి మరొక అమావాస్య. కోతల రోజులైతే ఇట్టే గడిచిపోతుంది సుమా!

భూసేకరణకు 2013లో వేరే చట్టం వచ్చింది. సామాజిక ప్రభావ పరిశీలన, సాగునీటి భూములను ఆఖరి దారిగా మాత్రమే తీసుకోవడం వంటివి అందులో వున్నాయి. కాని రైల్వే చట్టం కింద తీసుకునే భూములకు ఆ భాగం వర్తించదు. 2015 నుంచి వర్తించేవి నష్టపరిహారం, పునరావాసం నిబంధనలు. ఈ తేడా తెలియక, “మా సంతకం లేకుండా తీసుకోలేరు” అనే ధీమాతో వున్నవారు గడువు పోగొట్టుకునే ప్రమాదముంది.

పరిహారం ఎలా కడతారు? గత మూడేళ్లలో మీ చుట్టుపక్కల రిజిస్టరైన అమ్మకం దస్తావేజులు తీసి, వాటిలో ఎక్కువ ధర వున్న సగం దస్తావేజుల సరాసరి చూస్తారు. ప్రభుత్వ రిజిస్ట్రేషను విలువ కూడా చూసి, ఏది ఎక్కువైతే అది తీసుకుంటారు. పల్లెల్లో దాన్ని ఒకటి నుంచి రెండు మధ్య రాష్ట్రం నిర్ణయించిన గుణకంతో హెచ్చిస్తారు. చెట్లు, బావి, నిలిచిన పైరు విలువ కలుపుతారు. ఆ మొత్తానికి సమానంగా ఓదార్పు సొమ్ము ఇస్తారు. ఉదాహరణకు ఎకరా ఇరవై లక్షలు, గుణకం ఒకటింబావు అనుకుందాం. మీ 43 సెంట్లకు ఎనిమిది లక్షల అరవై వేలు. గుణకంతో పది లక్షల డెబ్బై అయిదు వేలు. ఓదార్పు సొమ్ముతో ఇరవై ఒకటిన్నర లక్షలు.

ఇందులో ఒక కిటుకు చూశారా? అంతా దస్తావేజులో వ్రాసిన ధర మీద నడుస్తుంది. స్టాంపు ఖర్చు తగ్గుతుందని ఇరవై లక్షల భూమికి ఎనిమిది లక్షలు వ్రాయించుకునే అలవాటు మనలో వుంది. అలా వ్రాయించుకున్న ఊరు, రేపు తన ధరను తానే తగ్గించుకున్నట్టు. ఒకరి దస్తావేజు పదిమంది పరిహారాన్ని కోస్తుంది.

పొలం నడుమనుంచి దారి పోయి, అటు పది సెంట్లు ఇటు ముప్పై సెంట్లు మిగిలితే, అలా ముక్కలైనందుకు కలిగే నష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని చట్టం చెబుతోంది. బోరు అటూ, మడీ ఇటూ మిగిలితే ఆ సంగతి అర్జీలో వ్రాయండి. అడగకపోతే ఎవరూ వచ్చి కలపరు. ఇచ్చిన మొత్తం చాలదనిపిస్తే మధ్యవర్తి దగ్గరకు పోయే హక్కు వుంది.

కౌలు రైతు సోదరులు కూడా వినాలి. భూమి మీది కాకపోయినా, సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ భూమి మీదనే బ్రతుకుతున్న కౌలుదారు, పాలికాపు, కూలి కుటుంబాలను కూడా 2013 చట్టం బాధిత కుటుంబాలుగా లెక్కిస్తుంది. మూడేళ్లు దున్నామని చూపే కాగితం కావాలి. సాగుదారు హక్కుల పత్రం 2019 చట్టం కింద ఇస్తున్నారు. దానివల్ల యజమాని హక్కు పోదు. ఏటా తీసుకుని దాచుకోండి. పట్టాదారులు కూడా పాసుపుస్తకం, ఒకటి–బి, అడంగలు సరిచూసుకోండి. తాతగారి పేరున వుండిపోయిన భూమి, అన్నదమ్ములు నోటిమాట మీద పంచుకున్న భూమి వుంటే, సర్వేవారు రాకముందే సరిచేసుకోవాలి. తరువాతయితే పరిహారం కోర్టులో జమ పడుతుంది. వడ్డీ లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి.

విశాఖవారికి ఈ పాఠం కొత్త కాదు. ఉక్కు కర్మాగారానికి వేలాది కుటుంబాలు భూములిచ్చాయి. “విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు” అని 1966లో రాష్ట్రమంతా నినదించింది. ఆ హక్కుకు నేల ఇచ్చింది మాత్రం ఆ చుట్టుపక్కల రైతులు. ఉద్యోగం కోసం ఆర్ కార్డు చేతపట్టుకుని దశాబ్దాలు ఎదురుచూసిన ఇళ్లున్నాయి. కర్మాగారం వద్దని ఎవరూ అనలేదు. ఇచ్చిన మాట ఏ సంవత్సరంలో, ఎవరికి, ఎలా చెల్లుతుందో ముందు వ్రాసుకోకపోవడమే లోపం.

కేరళ అనుభవం కూడా చెప్పుకోవాలి. కాసరగోడు నుంచి తిరువనంతపురం దాకా 530 కిలోమీటర్ల వేగమార్గానికి ఆ ప్రభుత్వం పూనుకుంది. జనానికి విషయం సరిగా చెప్పకముందే ఇళ్ల పెరళ్లలో పసుపుపచ్చ సర్వే రాళ్లు పాతారు. ఆడవాళ్లు, ముసలివాళ్లు ఆ రాళ్లు పీకి పారేశారు. 2022లో రాళ్లు పాతడం మానుకోవలసి వచ్చింది. రాయి ముందు, మాట వెనక అయితే ఇలాగే వుంటుంది.

కాబట్టి సర్వేవారు మీ ఊరికి వస్తే రాళ్లు పీకనక్కర లేదు, భయపడనూ అక్కర లేదు. సర్వే జరిగినంత మాత్రాన భూమి పోయినట్టు కాదు. వాళ్లను మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టి, 2024లోనూ అంతకు ముందూ వరద నీరు ఎక్కడిదాకా వచ్చిందో చూపించండి. ఏ గెడ్డ ఎటు పారుతుందో, ఏ తూము ఎన్ని ఎకరాలు తడుపుతుందో చెప్పండి. విమానం మీంచి తీసిన కొలతలో నేల ఎత్తు తెలుస్తుంది. పుష్య మాసంలో ఎండిన కాలవ, శ్రావణంలో ఎంత పొంగుతుందో తెలియదు. అది మీకే తెలుసు. పంచాయతీలో తీర్మానం చేసి, పటం గీసి, రైల్వేవారికీ కలెక్టరుగారికీ ఇచ్చి రసీదు తీసుకోండి.

ఇంకొక హెచ్చరిక. రైలు వస్తుందన్న పుకారు పుట్టగానే, కారులో వచ్చి స్టేషను ఇక్కడే అని చెప్పి భూములు కొనేవారు వస్తారు. మార్గం తేలకముందు స్టేషను ఎక్కడో రైల్వేవారికే తెలియదు. కారులో వచ్చినవాడికి ఎలా తెలుస్తుంది? బయానా పుచ్చుకోకండి.

ఆఖరి ప్రశ్న – ఇంత చేసి రైతుకు వచ్చేదేమిటి? వేగ రైలులో బెల్లం దిమ్మ ఎక్కదు, అరటి గెల ఎక్కదు. ఆ మాట దాచడం ఎందుకు? వచ్చే లాభం పాత దారి మీద వుంది. 2020లో కోవిడ్ వల్ల ప్రయాణికుల బళ్లు ఆగిపోయినప్పుడు, దారి ఖాళీ అయి సరుకు బళ్ల సరాసరి వేగం దాదాపు రెట్టింపయింది. ఆ ఏడే ఆగస్టులో కిసాన్ రైలు మొదలైంది. సెప్టెంబరులో అనంతపురం నుంచి పండ్లు ఢిల్లీకి పోయాయి. వేగబళ్లు కొత్త దారికి పోతే, పాత దారి మీద అలాంటి చోటు కొంత ఖాళీ అవుతుంది. ఆ చోటులో ఏం నడపాలన్నది ఇప్పుడే అడగాలి. అడగకపోతే అదంతా బొగ్గుతో నిండిపోతుంది. అనకాపల్లి బెల్లానికీ, ఉత్తరాంధ్ర మామిడికీ, గోదావరి అరటికీ వేళకు నడిచే సరుకు బళ్లు కావాలని అడగండి. ఎలమంచిలి, నర్సీపట్నం రోడ్డు, పిఠాపురం వంటి స్టేషన్లలో పాసింజరు బళ్లు పెంచాలని అడగండి. బడికి పోయే పిల్లలకూ, ఆసుపత్రికి పోయే ముసలివారికీ 220 కిలోమీటర్ల వేగం అక్కరలేదు. వేళకు వచ్చి ఆగే బండి కావాలి. వేగమార్గం నివేదికలోనే ఈ మాట కూడా ఒక అధ్యాయంగా వుండాలి.

ఈ పనులు వరుసగా గుర్తుంచుకోండి. కాగితాలు సరిచూసుకోండి. దస్తావేజుల్లో నిజమైన ధర వేయించండి. కౌలు పత్రం ఏటా తీసుకోండి. నీటి దారుల పటం ఊరంతా కలిసి గీసుకోండి. పత్రికలో 20–ఎ ప్రకటన వస్తే మీ సర్వే నంబరు వుందేమో చూసి, గడువు నెల దాటకుండా అర్జీ పెట్టండి. చదువు రానివారికి చదివి వినిపించే పని ఊళ్లోని కుర్రవాళ్లది.

మీకు సందేహాలుంటే ఉత్తరం వ్రాయండి.